కృష్ణా తీరంలో అండర్‌టేకర్

“అదంతా ఉత్తుత్తిదేరా!”

బెజవాడలో టీవీ ముందు అమెరికా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కుస్తీ చూస్తూ కూర్చున్న పిల్లాడికి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాట ఇది. సత్యనారాయణపురంలోనైనా, పటమటలోనైనా, అవతల ఉయ్యూరులోనైనా మాట మారదు. పిల్లాడి జవాబూ మారదు. “మరి రక్తం ఎట్టా వచ్చింది?”

ఈ వాదన ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. అప్పుడు జవాబు చెప్పిన పిల్లలే ఇప్పుడు తండ్రులై తమ పిల్లలకు అదే మాట చెబుతున్నారు. విచిత్రమేమంటే, మొట్టమొదట ఆ మాట అన్న తరానికి, ఫలితం ముందే తెలిసిన కుస్తీ కొత్తేమీ కాదు. వాళ్లు టికెట్ కొనుక్కుని, ఒకసారి కాదు, పదేపదే చూసిన కుస్తీ ఒకటుంది. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో భీముడికీ కీచకుడికీ జరిగిన పోరు అది. కీచకుడు చస్తాడని హాల్లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. తిక్కన విరాటపర్వం రాసిన నాటి నుంచీ చస్తూనే ఉన్నాడు. అయినా ఆ చీకటి శాలలోకి ఎస్వీ రంగారావు అడుగుపెట్టే ఘట్టానికి జనం ఊపిరి బిగబట్టారు.

ఆ సినిమా తారాగణాన్ని కాస్త పరిశీలిస్తే అది అప్పటి కృష్ణా జిల్లా వాళ్లు కట్టిన గోదా అనిపిస్తుంది. కీచకుడు రంగారావు పుట్టింది నూజివీడులో. బృహన్నల ఎన్టీ రామారావుది నిమ్మకూరు. భీముడి వేషం కట్టిన దండమూడి రాజగోపాలరావుది ఉయ్యూరు దగ్గర గండిగుంట. రంగారావుకు ఆ కీచకుడి పాత్రే జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి తెచ్చిపెట్టింది. అంటే ఆ గోదాలో పేరు దక్కింది ఓడిపోయినవాడికి! అమెరికా కుస్తీ అభిమానులకు ఇది బాగా అర్థమయ్యే సంగతి. ఓడేవాడు ఎంత బాగా ఓడితే గెలిచినవాడు అంత గొప్పవాడవుతాడు. ఆ పనితనాన్ని వాళ్లు ప్రత్యేకంగా మెచ్చుకుంటారు.

రాజగోపాలరావు మాత్రం ఉత్తుత్తి భీముడు కాదు. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు వెయిట్‌లిఫ్టింగ్ హెవీవెయిట్ విభాగంలో కాంస్య పతకం తెచ్చినవాడు. ‘ఆంధ్ర భీమ’ అని పిలిపించుకున్నవాడు. విజయవాడలోని ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. నిజంగా బరువులెత్తి పతకం తెచ్చిన మనిషి సినిమాలో ముందే రాసిపెట్టిన కుస్తీ పట్టాడు. ఆయన బలం అబద్ధమైందని ఎవరూ అనలేదు, కుస్తీ నిజం కాదని టికెట్ డబ్బులు వెనక్కి అడిగినవాళ్లూ లేరు.

అంతకు ముందు తరంలో ఇలాంటి మనిషి ఉత్తరాంధ్రలో కోడి రామమూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సొంత సర్కస్ పెట్టాడు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టుకుని ఊపిరి బిగించి తెంచడం, కదలబోయే కార్లను గొలుసులతో పట్టి ఆపడం, రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకోవడం ఆయన ప్రదర్శనల్లోని ఘట్టాలు. జనం ‘కలియుగ భీముడు’ అన్నారు. 1942లో చనిపోయాడు. ఆయన బలం నిజమే. కానీ దాన్ని డేరాలో దీపాల కింద, వాద్యాల మధ్య, క్రమం తప్పని కార్యక్రమంగా అమ్మడం ఆయన నేర్చిన రెండో విద్య. తాలింఖానాలో సాము చేసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ రెండో విద్య ఒంటబట్టినవాళ్లు తక్కువ.

ఆ తర్వాత దేశమంతా కుస్తీ వీరులు దారాసింగ్, కింగ్‌కాంగ్‌ల కాలం. కింగ్‌కాంగ్ అసలు పేరు ఎమిల్ చాయా. హంగేరీ ప్రాంతంలో పుట్టి సింగపూర్‌లో స్థిరపడిన భారీకాయుడు. 1950లలో వీళ్లిద్దరి పోటీలు పోస్టర్ల మీద పేర్లు చూస్తేనే జనం వచ్చే స్థాయికి చేరాయి. 1968లో బొంబాయిలో అమెరికన్ దిగ్గజం లూ థెజ్‌ను దారాసింగ్ ఓడించాడు. ఇరవై ఏళ్ల తర్వాత అదే దారాసింగ్ దూరదర్శన్ ‘రామాయణ్’లో హనుమంతుడై ఆదివారం పొద్దున్నే ప్రతి ఇంటికీ వచ్చాడు. వస్తాదును దేవుడిగా చూడటానికి ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

ఇంత పూర్వరంగం ఉన్న నేల మీదికి 1990లలో డిష్ యాంటెన్నా వచ్చింది.

1991లో గల్ఫ్ యుద్ధం టీవీలో చూడాలన్న ఆత్రం, ఆ ఏడాదే హాంకాంగ్ నుంచి మొదలైన స్టార్ ప్రసారాలు కలిసి పట్టణాల్లో కేబుల్ వ్యాపారానికి దారి వేశాయి. మేడ మీద పెద్ద గొడుగు, స్తంభం నుంచి స్తంభానికి వేలాడే నల్లటి వైరు, నెల మొదటి వారంలో డబ్బులకొచ్చే కుర్రాడు. జెమిని, ఈటీవీ 1995లో గానీ రాలేదు. అప్పటిదాకా, ఆ తర్వాత కూడా, భాష రాకపోయినా అర్థమయ్యే కార్యక్రమాలు కొన్నే. వాటిలో అమెరికా కుస్తీ ఒకటి. స్టార్ వారి క్రీడా ఛానెళ్లలో అది వచ్చేది. అమెరికాలో ఎప్పుడో జరిగిపోయిన పోటీ ఇక్కడికి ఆలస్యంగా చేరేది. ఇంటర్నెట్ లేదు కాబట్టి ఫలితం ఎవరికీ తెలిసేది కాదు. పాతదైనా తాజాగానే ఉండేది.

వారం వారం వచ్చే ‘రా’ కార్యక్రమం న్యూయార్క్‌లోని మన్‌హాటన్ సెంటర్‌లో 1993 జనవరి 11న మొదలైంది. ‘స్మాక్‌డౌన్’ 1999లో జతపడింది. వారపు కార్యక్రమం పని కథ నడపడం: ఎవడు ఎవణ్ని వెన్నుపోటు పొడిచాడు, ఎవడు ఎవడి పెళ్లి చెడగొట్టాడు, బెల్టు కోసం ఎవడు సవాలు విసిరాడు. ఆ పగలన్నీ నెలకోసారి జరిగే పెద్ద పోటీలో తీరతాయి. డెల్టా పల్లెల్లో కాంట్రాక్టు నాటకాలు చూసినవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. వేర్వేరు ఊళ్ల పేరున్న నటులను ఒక్క రాత్రికి ఒకే వేదిక మీదికి తేవడం, మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురికి పంచడం, ఎవరి పద్యానికి ఎక్కువ ‘వన్స్‌మోర్’లు పడ్డాయో మర్నాడు రచ్చబండ మీద తేల్చడం అక్కడి పద్ధతి. చచ్చిపడిన పాత్రధారి వన్స్‌మోర్ కేకకు లేచి నిలబడి పద్యం మళ్లీ ఎత్తుకున్న కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

చచ్చి లేవడమంటే అండర్‌టేకర్ రాకుండా ఎలా ఉంటాడు?

1990 నవంబర్‌లో మొదటిసారి రింగులోకి వచ్చిన ఈ ఆరున్నర అడుగులు దాటిన టెక్సాస్ మనిషి అసలు పేరు మార్క్ కాలవే. వేషం శవాలను పాతిపెట్టేవాడిది. పక్కన అస్థికల కలశం పట్టుకుని నిలబడే మేనేజర్ పాల్ బేరర్ నిజ జీవితంలోనూ అంత్యక్రియలు జరిపించే వృత్తిలో అర్హత సంపాదించినవాడే. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడని బెజవాడ బడుల్లో ప్రచారం. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. 1994లో శవపేటికలో మూసి పంపించారు, నెలల తర్వాత తిరిగొచ్చాడు. 1996లో మట్టి పోసి పాతిపెట్టారు, మరుసటి నెలే ప్రత్యక్షమయ్యాడు. మధ్యలో అతని వేషంతోనే ఇంకొకణ్ని దింపి అసలువాడికీ నకిలీవాడికీ పోటీ పెట్టారు. ఆ నకిలీ అండర్‌టేకర్ బ్రియాన్ లీ. 1996లో అక్షయ్ కుమార్ ‘ఖిలాడియోం కా ఖిలాడి’ సినిమాలో తలపడింది కూడా అతనితోనే. అక్షయ్ కుమార్ అండర్‌టేకర్‌ను ఎత్తిపడేశాడని పందేలు కాసిన తరానికి ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక కూడా కొందరు ఒప్పుకోలేదు.

దీపాలు ఆరిపోతాయి. గంట ఒకటి మోగుతుంది. షోపాన్ శవయాత్ర సంగీతం మీద కట్టిన బాణీ మొదలవుతుంది. నల్ల టోపీ మనిషి కనిపించడానికి నిమిషం పడుతుంది, రింగు దాకా నడిచి రావడానికి ఇంకో రెండు నిమిషాలు. ఈ నడకే సగం కార్యక్రమం. మరో వీరుడు స్టీవ్ ఆస్టిన్‌కు అద్దం పగిలిన చప్పుడు, మరొకరికి మరొక బాణీ. పాట మొదటి స్వరానికే జనం లేచి నిలబడతారు.

విజయవాడ నుంచి బందరు వైపు వెళ్తుంటే మొవ్వ మండలంలో కూచిపూడి ఉంది. అక్కడి భాగవతులు కొన్ని వందల ఏళ్లుగా చేస్తున్న పని ఇదే. కూచిపూడి కలాపంలో ఏ పాత్రా ఊరికే వచ్చి నిలబడదు. ప్రతి పాత్రకూ ప్రవేశ దరువు ఉంటుంది. తానెవరో, ఎలాంటిదో, ఎంత గర్వమో ఆ దరువులోనే తెలుస్తుంది. భామాకలాపంలో సత్యభామ అసలు మొదట కనిపించదు. ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా ఆమె జడ మాత్రం ఇవతల పడుతుంది. ఆ జడే సవాలు. ఆ తర్వాతే మనిషి. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా వచ్చినప్పుడు లోపల ఉన్నది మగవాడని తెలియని ప్రేక్షకుడు లేడు. తెలిసే, ఆ వాలుచూపుకు మురిసిపోయారు. అండర్‌టేకర్ గంట విని రోమాలు నిక్కబొడుచుకున్న డెల్టా కుర్రాడికీ ఆ ముందువరసలో కూర్చున్న తాతకూ మధ్య తేడా ఛానెల్‌దే.

అమెరికా కుస్తీలో వేషాలు మరీ ధారాళం. 1990ల మొదట్లో జపాన్ సుమో వీరుడిగా వచ్చిన యోకోజునా నిజానికి సమోవా వంశానికి చెందిన అమెరికన్. ఎనిమిది అడుగులని ప్రకటించిన జెయింట్ గొంజాలెజ్ అర్జెంటీనా బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఎత్తులో కొన్ని అంగుళాలు ప్రచారకులు కలిపినవి. ఆ కలిపిన అంగుళాలే ఇక్కడి ట్రంప్ కార్డుల ఆటలో పిల్లల తలరాతలు రాశాయి. బడి సంచిలో లెక్కల పుస్తకం మరిచిపోయినా కార్డుల కట్ట మరవని రోజులవి. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండ... ర్యాంకులో వెనకబడ్డ యోకోజునా బరువు అడిగితే ఎవణ్నయినా మింగేస్తాడు. గొంజాలెజ్ చేతిలో ఉంటే ఎత్తు తప్ప మరోటి అడగకూడదు. ఎక్కాలు రానివాడికి కూడా ఎవరి ఛాతీ ఎన్ని అంగుళాలో కంఠతా వచ్చేది.

కార్డులతో ఆగితే పెద్దవాళ్లకు బెంగ ఉండేది కాదు. వేసవి సెలవుల్లో తాతగారి ఊరు వెళ్లిన పిల్లలకు గడ్డివాము దొరికింది. కోతలైన చేలో టీవీలో చూసిన చోక్‌స్లామ్‌లు, కాలవ గట్టు మీంచి నీళ్లలోకి ఎత్తిపడేయడాలు, ఇంట్లో మంచం మీద తమ్ముడికి టూంబ్‌స్టోన్ పట్టు. “దీన్ని ఇంట్లో ప్రయత్నించకండి” అని రింగు వీరులే టీవీలో హెచ్చరించేవారు. ఆ ప్రకటన వస్తున్నంత సేపే పిల్లలు కదలకుండా కూర్చునేవారు.

ఇక ఉత్తుత్తి సంగతి. దీన్ని తేల్చింది బెజవాడ పెద్దలు కాదు, స్వయంగా ఆ కంపెనీయే. 1989 ఫిబ్రవరిలో న్యూజెర్సీ సెనేట్ ముందు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తమది నిజమైన క్రీడాపోటీ కాదని, వినోద ప్రదర్శన అని ఒప్పుకుంది. క్రీడల కమిషన్ నిబంధనలు, పన్నులు తప్పించుకోవడం అసలు ఉద్దేశం. అంటే ఇక్కడ పిల్లలు ఆ కుస్తీ చూడటం మొదలుపెట్టకముందే గుట్టు రట్టయింది. దానివల్ల వ్యాపారమేమీ దెబ్బతినలేదు, ఆ తర్వాతి పదేళ్లలో ఆకాశాన్ని అంటింది.

ఆ పదేళ్లకు ఊపునిచ్చింది కుస్తీ కంటే మాట. 1996 జూన్‌లో ‘కింగ్ ఆఫ్ ది రింగ్’ గెలిచిన స్టీవ్ ఆస్టిన్ ఓడినవాణ్ని ఎద్దేవా చేస్తూ మైకు ముందు చేసిన ప్రసంగం అతని జాతకం మార్చింది. అప్పటికతను ప్రతినాయకుడు. జనం మాత్రం అతని పక్షానే చేరిపోయారు. తర్వాత రాక్ అనే మరో వీరుడు వచ్చి మైకును ఆయుధంగానే వాడాడు. మంచివాడి కంటే మాటకారి చెడ్డవాణ్ని నెత్తిన పెట్టుకోవడం తెలుగువాళ్లకు అంతకు ముందే అలవాటు. 1977లో వచ్చిన దాదాపు నాలుగు గంటల ‘దానవీరశూర కర్ణ’లో రామారావు కర్ణుడూ తనే, కృష్ణుడూ తనే, దుర్యోధనుడూ తనే. ఇంటికి వెళ్తూ జనం నోట పలికింది ఎవరి మాటలు? కొండవీటి వెంకటకవి రాసిన దుర్యోధనుడి సంభాషణలు. పెళ్లిళ్లలో, కాలేజీ వార్షికోత్సవాల్లో ఇప్పటికీ వినిపించేది ఆ దుర్యోధనుడే.

అయితే వేషం అన్నంత మాత్రాన దెబ్బలు వేషం కాదు. 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో పదహారు అడుగుల ఇనుప పంజరం మీంచి అండర్‌టేకర్ తోసేస్తే అతని ప్రత్యర్థి మిక్ ఫోలీ వ్యాఖ్యాతల బల్ల మీద పడ్డాడు. పడాలన్నది ముందే అనుకున్నదే. కానీ కాసేపటికి పంజరం పైకప్పు విరిగి రింగులోకి కూలినప్పుడు ఊడిన పన్ను ఎవరూ రాసిపెట్టింది కాదు. మరుసటి ఏడాది మే 23న కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్ అనే వస్తాదు పైకప్పు నుంచి తాడుతో దిగుతుండగా కొక్కెం ఊడి, దాదాపు డెబ్భై ఎనిమిది అడుగుల ఎత్తు నుంచి రింగులో పడి చనిపోయాడు. టీవీలో వ్యాఖ్యాత జిమ్ రాస్ ఇది కథలో భాగం కాదని పదేపదే చెప్పాల్సి వచ్చింది. హాల్లో ఉన్న జనానికి ఆ మరణవార్త చెప్పలేదు, కార్యక్రమమూ ఆపలేదు. ఈ వ్యాపారాన్ని ఎంత ఇష్టపడే అభిమాని అయినా ఆ రాత్రి నిర్ణయాన్ని సమర్థించలేడు. సమర్థించకూడదు కూడా.

2002లో రెండు మార్పులు జరిగాయి. అదే పొట్టి పేరున్న వన్యప్రాణి సంరక్షణ సంస్థతో పేరు గొడవలో ఓడి, మే నెలలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కాస్తా డబ్ల్యూడబ్ల్యూఈ అయింది. అంతకు నెల ముందే దుబాయ్ నుంచి టెన్ స్పోర్ట్స్ మొదలై, ఫుట్‌బాల్ ప్రపంచకప్‌తో పాటు ఈ కుస్తీని కూడా ఇంటింటికీ చేర్చింది. ఆ ఏడాదే తెర మీదికి వచ్చిన జాన్ సీనా తర్వాతి తరం పిల్లలకు దేవుడయ్యాడు. ముఖం ముందు చెయ్యి ఊపి ‘నేను నీకు కనిపించను’ అనే అతని సైగ డెల్టా క్రికెట్ మైదానాల్లో వికెట్ పడ్డప్పుడల్లా కనిపించింది.

2006 ఏప్రిల్‌లో మన దేశం నుంచి ది గ్రేట్ ఖలీ వెళ్లి నేరుగా అండర్‌టేకర్‌నే మట్టి కరిపించాడు. అసలు పేరు దలీప్ సింగ్ రాణా, హిమాచల్‌కు చెందినవాడు, అంతకు ముందు పంజాబ్ పోలీసు ఉద్యోగి. 2007 జూలైలో ప్రపంచ హెవీవెయిట్ బెల్టు గెలిచాడు, సెప్టెంబర్‌లో బటిస్టాకు పోగొట్టుకున్నాడు. ఖలీకి కుస్తీ పెద్దగా రాదన్నది అభిమానులే ఒప్పుకునే మాట. వంగడమే కష్టం. కానీ అతను చెయ్యెత్తి నెత్తిన కొట్టే దెబ్బకు అండర్‌టేకర్ పడిపోతే, ఏ పక్షం వహించాలో తేలక చాలా ఇళ్లలో అన్నదమ్ములు విడిపోయారు. పదేళ్ల తర్వాత 2017 మేలో జిందర్ మహల్ డబ్ల్యూడబ్ల్యూఈ చాంపియన్ అయ్యాడు. తలపాగా, మహారాజు హంగులతో వచ్చిన అతను పుట్టింది కెనడాలోని కాల్గరీలో.

టెన్ స్పోర్ట్స్ సోనీ చేతికి వెళ్లింది. 2021 జూన్‌లో తమిళ, తెలుగు వ్యాఖ్యానాల కోసం సోనీ ప్రత్యేకంగా ఛానెల్ పెట్టడంతో ఈ కుస్తీకి తెలుగు గొంతు దొరికింది. ఇది ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చిందని చెప్పాలి. అంతవరకూ జిమ్ రాస్ అరుపులను, జెర్రీ లాలర్ వెటకారాన్ని అర్థమైనంత మేర పోగుచేసుకుంటూ, మిగతా కథ తామే అల్లుకున్నవాళ్లు ఇక్కడి అభిమానులు. వాళ్లు అల్లిన కథలే అసలు కథల కంటే బాగుండేవేమో. 2025 ఏప్రిల్ నుంచి భారతదేశంలో ప్రసారాలు నెట్‌ఫ్లిక్స్‌కు మారాయి. అమెరికాలో సోమవారం రాత్రి జరిగేది ఇక్కడ మంగళవారం తెల్లవారుజామున అప్పటికప్పుడే ఫోన్‌లో కనిపిస్తోంది. రిమోట్ కోసం సీరియల్ చూసే అమ్మతో యుద్ధం లేదు.

తెలుగు నేలకు ఆ రింగు 2023 సెప్టెంబర్ 8న వచ్చింది. విజయవాడకు సుమారు 270 కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్ గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి ఇండోర్ స్టేడియంలో ‘సూపర్‌స్టార్ స్పెక్టకిల్’ జరిగింది. జాన్ సీనా తన కెరీర్‌లో మొదటిసారి భారతదేశంలో కుస్తీ పట్టాడు. సెత్ రోలిన్స్‌తో జట్టుకట్టి లుడ్విగ్ కైజర్, జియోవాని విన్చి జంటను ఓడించాడు. మన షాంకీ ఆస్ట్రియా గుంథర్ చేతిలో ఓడిపోయాడు. రియా రిప్లీ నటాలియాను ఓడించింది. అక్కడికెళ్లిన అభిమానికి బెల్టులు చేతులు మారవని ముందే తెలుసు. వారం వారం నడిచే కథలో కలవని పర్యటన ప్రదర్శనల్లో అలాంటి మలుపులు పెట్టడం అరుదు.

అభిమానుల ఫిర్యాదు ఇప్పుడు అక్కడే ఉంది. కథను నిజంగా ముందుకు నడిపే పెద్ద పోటీలు 2022లో కార్డిఫ్‌కు, 2024లో ఫ్రాన్స్‌లోని లియోన్‌కు, ఏటా సౌదీకి వెళ్తున్నాయి. లియోన్ జనం పాటలు పాడిన తీరును కంపెనీయే ప్రచారానికి వాడుకుంది. వన్స్‌మోర్ కొట్టి చచ్చినవాణ్ని లేపిన ఊళ్లున్న చోటికి మాత్రం ఇంకా బెల్టు మారని పోటీలే వస్తున్నాయి.